మార్పు చేసిన కారు ఇంజనులో శక్తిలోపం: కారణాన్వేషణ పద్ధతి

మోటారు బండ్లు బాగుచేసే షెడ్లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉన్నది. "బండి మామూలుగా బాగానే నడుస్తుంది, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే మాత్రం పికప్ అందుకోదు." కర్మాగారం నుండి వచ్చిన రూపంలోనే ఉన్న కారులో ఈ లోపం తలెత్తితే కారణాన్ని కనిపెట్టడం అంత కష్టం కాదు. ఆ ఇంజనులోని ప్రతి భాగమూ తక్కిన భాగాలకు తగినట్లు లెక్కకట్టి అమర్చినదే కాబట్టి, ఏదో ఒకటి చెడిపోయి ఉంటుంది. దానిని మార్చితే సరిపోతుంది. కాని యజమాని ఉత్సాహపడి క్యామ్ షాఫ్టు మార్చి, పెద్ద పొగగొట్టం వేయించి, ఎయిర్ ఫిల్టరు తీసి వేరొకటి బిగించిన ఇంజను సంగతి వేరు. అందులో ఏ భాగమూ చెడిపోకుండానే లోపం రావచ్చు. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే. కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు ఒకదానికి మరొకటి చాలదు.

ఈ తేడాను గ్రహించకుండా ఈరోజు ప్లగ్గులు, రేపు కాయిలు, ఎల్లుండి పంపు అంటూ మార్చుకుంటూ పోయినవారికి డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం నిలిచే ఉంటుంది. కొన్ని సందర్భాలలో పరీక్ష పేరిట యాక్సిలరేటరును మళ్లీ మళ్లీ తొక్కడం వల్లనే పిస్టను కరిగి, బాగుచేయవలసిన ఇంజను పారవేయవలసిన ఇనుముగా మిగులుతుంది. కావున ఇది వేగానికి మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. కారణాన్ని క్రమపద్ధతిలో వెదకడం ఎట్లాగో, ఆ వెదుకులాటకు మన భౌతికశాస్త్ర పాఠాలు ఏ విధంగా తోడ్పడతాయో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

పూర్తిగా తొక్కినప్పుడే ఎందుకు?

యాక్సిలరేటరును తొక్కితే ఇంజనులోకి పెట్రోలు ఎక్కువగా పోతుందని చాలామంది భావిస్తారు. పెట్రోలు ఇంజనులో అది నేరుగా తెరిచేది గాలి దారిని. ఆ దారిలో ఉన్న పళ్లెం వంటి మూతను థ్రాటిల్ అంటారు. లోపలికి వచ్చిన గాలికి తగిన పాళ్లలో పెట్రోలును జతచేసే పని కార్బ్యురేటరుదో ఇంజెక్షను కంప్యూటరుదో అవుతుంది. థ్రాటిల్ సగం మూసి ఉన్నంతకాలం గాలికి ప్రధానమైన అడ్డంకి అదే. అది పూర్తిగా తెరుచుకున్న మరుక్షణం, మార్గంలోని తక్కిన ఇరుకులన్నీ బయటపడతాయి.

కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. ఎగువ తూములు కొద్దిగా తెరిచినప్పుడు చివరి పొలానికి కూడా నీరు అందుతుంది. నాట్ల సమయంలో తూములన్నీ ఒక్కసారి తెరిస్తే చివరి భూములు ఎండుతాయి. ఆ రోజున కాలువ కొత్తగా పాడైనది కాదు. పూడిక ముందునుండీ ఉన్నదే, ఆ రోజున తెలిసివచ్చింది. ఇంజనులోనూ అంతే. లోపం పూర్తి త్రొక్కుడులో పుట్టదు. అంతవరకు దాగి ఉన్నది అక్కడ బయటపడుతుంది.

లెక్కతో ఆరంభం

ఇంజనుకు ఎంత కావాలో తెలియకుండా ఎక్కడ తక్కువైనదో చెప్పలేము. ఉదాహరణకు మన దేశపు ర్యాలీ పోటీలలో పేరు పొందిన మారుతి జిప్సీలోని 1298 ఘనపు సెంటీమీటర్ల, 16 వాల్వుల ఇంజెక్షను ఇంజనును తీసుకొందాము. దాని శక్తి నిమిషానికి 6000 చుట్ల వద్ద 80 హార్స్ పవర్.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది. కాబట్టి 6000 చుట్లకు 3000 నింపుళ్లు, 1.298 లీటర్ల చొప్పున 3894 లీటర్ల గాలి. నిజానికి సిలిండర్లు పూర్తిగా నిండవు. నూటికి 85 వంతులు నిండినవనుకొంటే సుమారు 3300 లీటర్లు. వేసవి వేడిలో ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.15 కిలోలు గనుక, నిమిషానికి 3.8 కిలోల గాలి. పూర్తి శక్తికి 12.8 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలనుకొంటే నిమిషానికి సుమారు 0.3 కిలోలు, అనగా 0.4 లీటరు పెట్రోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కొక్కదానికి నిమిషానికి 100 మిల్లీలీటర్లు.

6000 చుట్ల వద్ద ఒక పూర్తి ఆవృతం 20 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఇంజెక్టరు తెరుచుకొని మూసుకొనడానికి కొంత వ్యవధి కావాలి గనుక, అందులో సుమారు 85 శాతం, అంటే 17 మిల్లీసెకన్లు మించి దానిని తెరిచి ఉంచకపోవడం క్షేమం. ఎడతెగకుండా తెరిచి ఉంచితే నిమిషానికి 130 మిల్లీలీటర్లు ఇవ్వగల ఇంజెక్టరు ఉన్నదనుకొందాము. 85 శాతం లెక్కన అది 110 ఇవ్వగలదు. మార్పు చేయని ఇంజనుకు ఇది చాలును. క్యామ్ షాఫ్టు మార్చి, దారులు వెడల్పు చేసి గాలిని 25 శాతం పెంచితే కావలసినది 125. ఇంజెక్టరు కొత్తదే, శుభ్రమైనదే, ఏ లోపమూ లేనిదే, అయినా చాలదు. మార్పు చేసిన ఇంజనులో "ఈ భాగం బాగున్నదా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, "ఈ భాగం చాలునా?" అని కూడా అడగాలి.

మూడు ప్రశ్నలు

పనిముట్టు చేతికి తీసుకొనక ముందే బండి నడిపినవారిని మూడు ప్రశ్నలు అడగవలెను. ఎన్ని చుట్ల వద్ద శక్తి తగ్గుతున్నది? ఎంత బరువు మీద తగ్గుతున్నది? ఎన్ని సెకన్ల తరువాత తగ్గుతున్నది?

ఏ గేరులోనైనా, ఎక్కుడులోనైనా దిగుడులోనైనా సరిగ్గా అవే చుట్ల వద్ద ఇంజను తడబడితే అది చుట్ల మీద ఆధారపడిన లోపం. బలహీనమైన వాల్వు స్ప్రింగు, నిప్పురవ్వకు వ్యవధి చాలని కాయిలు, కంప్యూటరులో అమర్చిన వేగ పరిమితి ఈ తెగకు చెందుతాయి.

చుట్లు తక్కువగా ఉన్నా, పై గేరులో ఘాటు ఎక్కేటప్పుడు తడబడి, బరువు లేకుండా రేజ్ చేసినప్పుడు చక్కగా తిరిగితే అది బరువు మీద ఆధారపడినది. బలహీనమైన నిప్పురవ్వ, పలచని మిశ్రమం, నాకింగ్ ఇందులోకి వస్తాయి.

మొదట బాగా లాగి, కొన్ని సెకన్లు గడిచిన పిమ్మట నీరసిస్తే అది కాలం మీద ఆధారపడినది. నిల్వ ఖర్చవుతున్నది, లేదా వేడి పేరుకొంటున్నదని అర్థం. ఇంధనపు పంపు, మూసుకుపోయిన ఫిల్టరు, గాలి ఆడని పెట్రోలు ట్యాంకు మూత ఇందులో ముఖ్యమైనవి.

దీనికి చిన్న లెక్క చెప్పుకొందాము. పై ఇంజనంతటిదే కార్బ్యురేటరుతో ఉన్నదనుకొనండి. నిమిషానికి 0.4 లీటరు అంటే సెకనుకు దాదాపు 6.7 మిల్లీలీటర్లు. పంపు 4 మాత్రమే ఇస్తుంటే సెకనుకు 2.7 మిల్లీలీటర్ల లోటు. ఫ్లోటు గిన్నెలో 40 మిల్లీలీటర్ల నిల్వ ఉంటే అది సగానికి పడిపోవడానికి ఏడెనిమిది సెకన్లు చాలు. మట్టం పడిపోయినకొద్దీ జెట్టుకు పెట్రోలు అందడం కష్టమవుతుంది. "మూడో గేరులో బాగానే ఉంది, నాలుగో గేరులో కొంతసేపటికి చచ్చిపోతుంది" అని డ్రైవరు చెప్పిన మాటలో ఈ లెక్క అంతా ఇమిడి ఉన్నది.

ఇంజనును అనుమానించే ముందు

కొన్ని లోపాలు ఇంజనువి కానే కావు. ఒకరు లోపల కూర్చొని పెడలు పూర్తిగా తొక్కగా, వేరొకరు థ్రాటిల్ పళ్లెం నిజంగా నిలువుగా తెరుచుకొన్నదో లేదో కళ్లతో చూడాలి. తీగ వదులై ఉండవచ్చు. పెడలు కింద మందమైన చాప అడ్డుపడవచ్చు. ఇది ఇంజను ఆపి, పైసా ఖర్చు లేకుండా చేయగల పరీక్ష.

చుట్ల మీటరు ముల్లు చురుకుగా లేస్తూ, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నదని గ్రహించాలి. ఇంజను బలం పెంచి పాత క్లచ్‌నే ఉంచిన బండ్లలో ఇది సహజం. చక్రాలు పెద్దవి వేసినవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. చక్రపు వ్యాసం 10 శాతం పెరిగితే నేల మీద లాగుడు బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. ఇంజను శక్తి ఏమాత్రం తగ్గకపోయినా బండి బరువెక్కినట్లు తోస్తుంది. పట్టేసిన బ్రేకులు కూడా ఇటువంటి భ్రమనే కల్పిస్తాయి.

గాలి

ఇంజను శక్తి అది పీల్చే గాలి బరువును బట్టి ఉంటుంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 30 డిగ్రీల గాలికి బదులు బానెట్ కింది 60 డిగ్రీల గాలిని పీల్చితే, పరమ ఉష్ణోగ్రతల నిష్పత్తిలో, అంటే 303కు 333 చొప్పున, సాంద్రత 9 శాతం తగ్గుతుంది. అసలు ఫిల్టరు పెట్టె తీసివేసి, రేడియేటరు వెనుక వేడిగాలిలో శంఖాకారపు ఫిల్టరు బిగించినవారు దీనిని లెక్కలోకి తీసుకోవాలి. చప్పుడు పెరుగుతుంది, శక్తి తగ్గవచ్చు.

ఎత్తు కూడా లెక్కలోనిదే. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి వాయుపీడనం తీరప్రాంతపు పీడనం కంటె సుమారు 6 శాతం తక్కువ. విజయవాడలో జెట్లు సరిచూసిన కార్బ్యురేటరు హైదరాబాదులో కొంత చిక్కని మిశ్రమం ఇస్తుంది. అక్కడ సరిచూసినది ఇక్కడికి దిగివస్తే పలచబడుతుంది. రెండవది ఎక్కువ ప్రమాదకరం.

గాలి దారిలో అడ్డంకి ఉన్నదో లేదో తెలుసుకొనడానికి ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడనాన్ని కొలవాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు అది బయటి పీడనానికి చాలా దగ్గరగా ఉండాలి. చుట్లు పెరిగినకొద్దీ అది పడిపోతుంటే ఫిల్టరు మూసుకొన్నదో, మెత్తటి రబ్బరు గొట్టం పీల్పుడుకు లోపలికి ముడుచుకొంటున్నదో అయి ఉంటుంది. ఆ గొట్టం ఇంజను ఆపగానే మామూలు ఆకారానికి వస్తుంది గనుక నిలబెట్టి చూస్తే కంటికి కనబడదు. టర్బో ఉన్న బండిలో ఇందుకు భిన్నంగా, గొట్టం అతుకులు వదలి కుదించిన గాలి బయటికి పోతున్నదేమో చూడాలి.

ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసే ఫార్ములా స్టూడెంట్ పందెపు కార్లలో పెట్రోలు ఇంజనుకు గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలని నియమం. ఆ రంధ్రంలో గాలి ధ్వనివేగాన్ని అందుకొన్న తరువాత ఇంజను ఎంత పీల్చినా అదనంగా రాదు. సైద్ధాంతికంగా సెకనుకు సుమారు 74 గ్రాములే అవధి. అక్కడ పై చుట్లలో శక్తి ఆగిపోతే అది లోపం కాదు, ప్రకృతి నియమం. పరిమితికీ లోపానికీ ఉన్న భేదం తెలియడం కూడా పరీక్షకునికి అవసరమే.

పెట్రోలు

మార్పు చేసిన ఇంజన్లలో ఎక్కువగా బయటపడే లోపం ఇంధనం చాలకపోవడమే. దీనికి మొదటి పరీక్ష ఇంధన పీడనం. మీటరును పైపుకు బిగించి, బండి బరువు మీద నడుస్తుండగా చూడాలి. ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు సరిగ్గా చూపినంత మాత్రాన ప్రయోజనం లేదు. తిరుగు పైపు ఉన్న అనేక పాత ఇంజెక్షను పద్ధతులలో ఖాళీ వేగంలో సుమారు 2.5 బార్ ఉండే పీడనం థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు 3 బార్ దరిదాపులకు పెరగాలి. పెరగడానికి బదులు చుట్లతోపాటు పడిపోతుంటే పంపు, ఫిల్టరు, ట్యాంకులోని జల్లెడ, లేదా పంపుకు విద్యుత్తు తెచ్చే తీగ, ఈ నాలుగింటిలో ఒకటి కారణం.

ఆ నాలుగవదానిని చాలామంది మరచిపోతారు. ఓమ్ నియమం ఇక్కడ పనికివస్తుంది. పంపు 6 ఆంపియర్లు తీసుకొంటుండగా, తుప్పుపట్టిన కనెక్టరులో 0.2 ఓమ్ నిరోధం ఉంటే 1.2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. పంపు నెమ్మదిస్తుంది. కొత్త పంపు వేసినా ఫలితం ఉండదు. పెద్ద పంపు వేస్తే కరెంటు పెరిగి నష్టం మరింత పెరుగుతుంది. పంపు నడుస్తుండగా దాని టెర్మినళ్ల వద్దనే వోల్టేజీ కొలిస్తే రెండు నిమిషాలలో తెలిసిపోతుంది.

పీడనం నిలకడగా ఉండి కూడా మిశ్రమం పలచగా ఉంటే ఇంజెక్టర్లు చాలకపోవడమో, కంప్యూటరులోని పట్టిక కొత్త ఇంజనుకు సరిపడకపోవడమో కారణం. సాధారణ ప్రయాణంలో కంప్యూటరు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పినట్లు పెట్రోలును సరిదిద్దుకొంటుంది. పూర్తి త్రొక్కుడులో సాధారణంగా ఆ దిద్దుబాటును వదలి, ముందే రాసిపెట్టిన పట్టికను అనుసరిస్తుంది. అందువల్లనే మార్పు చేసిన బండి ఊరిలో చక్కగా నడిచి, పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం దారి తప్పుతుంది. ఆ స్థితిలో మిశ్రమాన్ని కొలవడానికి బండితో వచ్చిన మామూలు సెన్సరు చాలదు. అది 14.7 పాళ్లకు అటో ఇటో అని మాత్రమే చెప్పగలదు. వైడ్ బ్యాండ్ సెన్సరు వాడవలెను.

కార్బ్యురేటరు బండిలో పాత మిస్త్రీలు వాడిన ఉపాయం ఒకటి ఉన్నది. పూర్తి త్రొక్కుడులో నీరసించిన క్షణంలో చోకును కొద్దిగా లాగుతారు. బండి పుంజుకొంటే మిశ్రమం పలచగా ఉన్నది. మరింత దిగజారితే చిక్కగా ఉన్నది. ఖరీదైన పరికరం లేనిచోట ఇది నేటికీ పనికివచ్చే పరీక్ష.

పాత బండ్లు ఉన్నవారికి ఇటీవలి కాలపు సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. మన దేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి సర్వసాధారణమైనది. పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాలుకు 9 చాలు. లెక్కవేస్తే ఈ మిశ్రమ ఇంధనానికి 13.5 పాళ్లు. అంటే స్వచ్ఛమైన పెట్రోలుకు సరిచూసిన జెట్టు గుండా అదే పరిమాణంలో ఈ ఇంధనం పోతే మిశ్రమం సుమారు 7 శాతం పలచబడుతుంది. పైగా ఇథనాలు పాతరకం రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ట్యాంకులోని మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది. నాకింగును తట్టుకొనే గుణం ఇథనాలుకు ఎక్కువన్నది నిజమే. కాని చాలీచాలని జెట్టుకు ఆ గుణం పరిహారం కాదు.

నిప్పురవ్వ

బయట తీసి చూసినప్పుడు ప్లగ్గు చక్కగా మెరిసింది, కాబట్టి ఇగ్నిషన్ బాగున్నదని తీర్మానించడం పొరపాటు. రెండు లోహపు కొసల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ, వాటి మధ్య దూరం మీదనే కాక వాయువు పీడనం మీద కూడా ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లో నిరూపించాడు. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే సిలిండరు నిండుగా నిండుతుంది. కుదింపు చివర పీడనం అత్యధికమవుతుంది. బయటి గాలిలో దూకిన నిప్పురవ్వ అక్కడ దూకలేకపోవచ్చు. పిస్టను మార్చి కంప్రెషను పెంచినవారికి, టర్బో వేసినవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వోల్టేజీ తేలికైన దారి వెదకుకొని, ప్లగ్గు తీగకున్న పగులు గుండా ఇంజను ఇనుములోకి పోతుంది.

దీనికి చౌకైన పరీక్ష ప్లగ్గు ఎడం తగ్గించడం. 1.1 మిల్లీమీటర్ల ఎడాన్ని 0.8కి తగ్గించగా మిస్సింగ్ పోయినట్లయితే ఇగ్నిషన్ బలం చాలడం లేదని తేలినట్లే. అప్పుడు కాయిలు, తీగలు, క్యాపులు చూడవచ్చు.

వ్యవధి సంగతి కూడా చూడాలి. ఒకే కాయిలు, డిస్ట్రిబ్యూటరు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజను 6000 చుట్ల వద్ద సెకనుకు 200 నిప్పురవ్వలు ఇవ్వాలి. ఒక్కొక్కదానికి దక్కేది 5 మిల్లీసెకన్లు. అందులోనే కాయిలు విద్యుత్తును నింపుకొని వదలాలి. పాయింట్ల పద్ధతిలో ఎడం తప్పితే పై చుట్లలో కాయిలు సగం నిండకముందే వదలవలసి వస్తుంది. డిస్ట్రిబ్యూటరు లోపలి బరువులు తుప్పుతో బిగిసిపోతే, చుట్లు పెరిగినప్పుడు నిప్పురవ్వ ముందుకు జరగవలసింది జరగదు. టైమింగ్ లైటును ఖాళీ వేగంలోనే కాక పై చుట్లలో కూడా పట్టి చూడడం అందుకే.

నాకింగ్ అనే ప్రమాద సూచన

రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టి చప్పుడు పూర్తి త్రొక్కుడులో వినిపిస్తే, వెంటనే కాలు తీసివేయాలి. నిప్పురవ్వ రగిల్చిన మంట చేరకముందే, సిలిండరు మూలలో మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమనడాన్ని నాకింగ్ అంటారు. పలచని మిశ్రమం, మరీ ముందుగా వచ్చే నిప్పురవ్వ, పెంచిన కంప్రెషను, వేడి గాలి, తక్కువ ఆక్టేన్ ఇంధనం దీనికి కారణాలు.

పిస్టను అల్యూమినియంతో తయారవుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. మండే వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. అయినా పిస్టను నిలబడుతున్నదంటే, దాని ఉపరితలాన్ని అంటి ఉన్న చల్లని పలుచని వాయుపొర ఒక కారణం. రింగుల ద్వారా, నూనె ద్వారా వేడి బయటికి పోవడం మరొక కారణం. నాకింగ్ పుట్టించే పీడన తరంగాలు ఆ పొరను చెరిపివేస్తాయి. ఆ తరువాత పిస్టను అంచు తినివేయబడడానికి ఎంతో కాలం పట్టదు.

కొత్త బండ్లలో నాక్ సెన్సరు ఈ చప్పుడును గుర్తించి నిప్పురవ్వను వెనక్కు జరుపుతుంది. అప్పుడు డ్రైవరుకు చప్పుడు వినబడదు, శక్తి తగ్గినట్లు మాత్రమే తెలుస్తుంది. కంప్యూటరు ఇంజనును కాపాడుకొంటున్నదని తెలియక, సెన్సరును తప్పించి శక్తిని తిరిగి సంపాదించాలనుకోవడం ఆత్మహత్యాసదృశం.

కంప్రెషను, వాల్వులు, పొగ దారి

పై మూడూ సరిగా ఉంటే ఇంజను లోపలి ఆరోగ్యం చూడాలి. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కొక్క సిలిండరు కంప్రెషను కొలవాలి. సిలిండర్ల మధ్య 10-15 శాతం మించి తేడా ఉండరాదు. తక్కువ ఉన్న సిలిండరులో కొన్ని చుక్కల ఇంజను నూనె పోసి మళ్లీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అనుమానాస్పదం.

క్యామ్ షాఫ్టు మార్చి పాత స్ప్రింగులే ఉంచినచోట పై చుట్లలో వాల్వు క్యామును అనుసరించలేక తేలిపోతుంది. ఒక నిర్ణీత చుట్ల వద్ద గోడ కట్టినట్లు శక్తి ఆగిపోవడం దీని గుర్తు. వాల్వు పిస్టనుకు తగిలే అపాయం ఉన్నది గనుక ఆ చుట్లు దాటించే ప్రయత్నం చేయరాదు.

పొగ దారిలో, లోపల కరిగి మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టరు ఇంజను గొంతు నొక్కుతుంది. మిస్సింగ్ ఉన్న బండిని చాలాకాలం అట్లాగే నడిపితే, మండని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని కరిగిస్తుంది. ఒక లోపం రెండవ లోపాన్ని కన్నదన్నమాట. ఆక్సిజన్ సెన్సరు రంధ్రంలో పీడనపు మీటరు బిగించి చూస్తే, మామూలు కారులో పూర్తి త్రొక్కుడులో కూడా ఎదురు పీడనం సుమారు 0.2 బార్ లోపలనే ఉండాలి. అంతకు మించితే దారి మూసుకొన్నది.

పరీక్షల వరుస

చౌకైన పరీక్ష ముందు, ఖరీదైనది తరువాత. విప్పనవసరం లేనిది ముందు, విప్పవలసినది తరువాత. ఈ సూత్రం ప్రకారం వరుస ఇట్లా ఉంటుంది.

1. చేసిన మార్పులన్నీ, చేసిన క్రమంలో కాగితం మీద రాయాలి. లోపం ఏ మార్పు తరువాత మొదలైనదో గుర్తించాలి.
2. చుట్లు, బరువు, కాలం అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి.
3. థ్రాటిల్ తెరపు, క్లచ్, బ్రేకులు, చక్రాలు చూడాలి.
4. కంప్యూటరు ఉన్న బండిలో అది దాచుకొన్న లోపపు సంకేతాలు చదవాలి.
5. బరువు మీద ఇంధన పీడనం, పంపు వోల్టేజీ, మిశ్రమం కొలవాలి.
6. ప్లగ్గు ఎడం తగ్గించి చూడాలి. పై చుట్లలో టైమింగ్ సరిచూడాలి.
7. మానిఫోల్డు పీడనం, పొగ దారి ఎదురు పీడనం కొలవాలి.
8. చివరగా కంప్రెషను, వాల్వులు.

ఈ వరుసలో ఒకసారికి ఒకే మార్పు చేయాలన్నది తప్పనిసరి నియమం. ప్లగ్గులు, ఫిల్టరు, కాయిలు మూడూ ఒకేసారి మార్చగా బండి బాగుపడినా, ఏది కారణమో తెలియదు. మరుసటిసారి మళ్లీ మూడూ కొనవలసి వస్తుంది. ప్లగ్గు రంగు చూసి మిశ్రమాన్ని నిర్ణయించే అలవాటు కూడా జాగ్రత్తగా వాడవలసినది. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో నిలిచిపోయిన తరువాత ఆ రంగులు మునుపటివలె స్పష్టంగా ఏర్పడవు.

చట్టము, భద్రత

ఈ పరీక్షలకు ప్రజలు నడిచే రోడ్డు తగిన చోటు కాదు. చక్రాలను రోలర్ల మీద తిప్పే డైనమోమీటరు మీదనో, మూసి ఉంచిన పందెపు దారి మీదనో చేయాలి. మద్రాసు సమీపాన షోలవరంలో పాత విమానపు దారి మీద ఒకప్పుడు జరిగిన కారు పందేలు, ఆ తరువాత ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా నిర్మించిన దారికి తరలిపోవడం వెనుక ఉన్న వివేకం ఇదే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని ధ్రువీకరించినది. పందెపు దారికి పరిమితమైన బండి వేరు, కాలేజీకి వచ్చే బండి వేరు అన్న విచక్షణ యువకులకు ఉండాలి.

ఉపసంహారం

మన పట్టణాలలోని షెడ్లలో అనుభవజ్ఞులైన ఉస్తాదులు చప్పుడు విని లోపం చెప్పడం మనకు తెలిసినదే. వారి చెవి ఏళ్ల తరబడి పోగుచేసుకొన్న జ్ఞానం. దానిని తక్కువ చేయరాదు. అయితే ఆ చెవి ఎక్కువగా నేర్చుకొన్నది కర్మాగారపు రూపంలోని ఇంజన్ల చప్పుడును. మార్పు చేసిన ప్రతి ఇంజనూ కొత్త భాష మాట్లాడుతుంది. అక్కడ చెవికి మీటరు తోడు కావాలి, అనుభవానికి లెక్క తోడు కావాలి. ఓమ్ నియమం, వాయు సాంద్రత, నిష్పత్తులు మన తరగతి గదులలో చెప్పిన పాఠాలే. వాటిని నేర్చిన విద్యార్థి షెడ్డులోని ఉస్తాదు పక్కన వినయంగా నిలబడి, ఒక మీటరు, ఒక కాగితం, ఒక కలం పట్టుకొన్నట్లయితే ఇద్దరికీ లాభమే. ఎవరో కష్టార్జితంతో కొనుక్కొన్న బండి అనవసరపు ఖర్చు నుండి, అంతకంటె ముఖ్యంగా ఆ బండి నడిపే మనిషి అపాయం నుండి తప్పించుకొంటారు. అటువంటి విద్యార్థులు మన కళాశాల నుండి మరింత మంది రావాలని ఆశిస్తున్నాను.